ఆరువందల పదకొండు వయ్యారిభామలు

మా గుండ్లవాగు మునిసిపాలిటీకి పచ్చదనం మీద ప్రేమ పుట్టిన సంవత్సరంలోనే మా ఆవిడ నాంచారమ్మకు ఊపిరాడకపోవడం మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మొదట్లో నాకు తెలియదు. తెలిశాక కూడా నేను మునిసిపాలిటీనే నమ్మాను. ఎందుకంటే నేను దస్తావేజు లేఖరిని. ముప్పై ఏళ్లుగా రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచన కూర్చుని ఊళ్లోవాళ్ల ఇళ్లకు హద్దులు రాసి బతుకుతున్నవాణ్ణి. కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు అని నా నమ్మకం. నాకు ఇంకో నమ్మకం అలవాటు కాలేదు.

మా ఇంటి వెనక అయిదు సెంట్ల పెరడు ఉంది. నాంచారు కాపురానికి వచ్చిన ఏడాదే దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. వంగ, బెండ, దొండపాదు, గోడవారన ఎర్రకాడ గోంగూర. ఈ ఇంట్లో కూరల కోసం సంచీ పట్టుకుని బజారుకు వెళ్లిన జ్ఞాపకం నాకు లేదు. కిందటేడు ఆమెకు మోకాలు వాచి రెండు నెలలు పెరట్లోకి దిగలేకపోయింది. కలుపు సంగతి నేను చూసుకుంటానని మాట ఇచ్చాను. ప్రతి శనివారం రేపు పీకుతానన్నాను, ప్రతి ఆదివారం వచ్చే వారం పీకుతానన్నాను. ఈలోగా వానలు పడ్డాయి. దీపావళి వచ్చేసరికి పెరడంతా వయ్యారిభామ కలుపు నడుమెత్తు లేచి తెల్లగా పూసి ఉంది. ఎవరో శ్రద్ధగా వేసి పెంచిన తోటలాగే ఉండేది. ఈశాన్యం మూలన ఒక తుమ్మకంప కూడా గుబురుగా లేచి గోడ మీదికి చేతులు చాచింది.

కార్తీకంలో నాంచారుకు ముంజేతుల నిండా దద్దుర్లు లేచాయి. ఆ తర్వాత దగ్గు, దాని వెనకే ఆయాసం. రాత్రిళ్లు గోడకు దిండు ఆనించుకుని కూర్చునేది. డాక్టరు చేతులు చూసి, మీ పెరట్లో ఏముంది అని అడిగి, నేను చెప్పింది విని మందుల చీటీ పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో ఆ మొక్కన్నా ఉండాలి, ఈవిడన్నా ఉండాలి అన్నాడు. నాంచారు నా వంక చూసింది. ఆదివారం తప్పకుండా అన్నాను.

ఆ సాయంత్రమే ఆమె చీరాలలో ఉన్న చెల్లెలి ఇంటికి బయల్దేరింది.

"నేను అలిగి పోవటంలా. ఊపిరాడక పోతన్నా," అంది సంచీ అందుకుంటూ. "పెరడు బాగుపడిందని కబురు చెయ్యండి. మరుసటి బస్సుకే వొస్తా."

బస్సు కదిలాక ఇంటికి వచ్చి తలుపు తీస్తే ఇల్లు ఇల్లులా లేదు. నాకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి మార్తమ్మను పిలుచుకొచ్చాను. కలుపు తీతలో మా ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. పెరడు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి, ఒక మొక్కను వేరుతో సహా లాగి చూసి, నేల మెత్తగా ఉంది గనక తెల్లారి ఇద్దరం వచ్చి పొద్దుగూకేలోగా మొత్తం లాగేస్తామంది. పూత రాలి విత్తనం నేలలో పడితే మాత్రం నావల్ల కాదని హెచ్చరించింది.

సరేనన్నాను. ఆ మధ్యాహ్నమే హరిత గణన వాళ్లు వచ్చారు.

హరిత గణన అంటే ఏమిటో చెప్పాలి. ఊళ్లో నూటికి ముప్పైమూడు వంతులు పచ్చదనం ఉన్న మునిసిపాలిటీలకు ఏదో పతకం ఇస్తారట. మా ఊళ్లో ఎంత ఉందో తేల్చడానికి ఇంటింటికీ తిరిగి మొక్కలు లెక్కపెట్టమని కుళాయి పన్ను వసూలు చేసేవాళ్లను పంపారు. వాళ్లకు మొక్కల గురించి తెలియదని ఎవరూ అనుకోకూడదు. వాళ్లకు ఒక నియమం ఇచ్చారు. ఆకు ఉంటే మొక్క, అడుగు దాటితే గణనార్హం. ఆ నియమం పట్టుకుని ముగ్గురు మనుషులు మా పెరట్లో మూడు గంటలు శ్రమించారు. ప్రతి మొక్కకూ అంకె కొట్టిన రేకుబిళ్ల ఒకటి తీగతో కట్టారు. చివరికి ఆరువందల పదకొండు తేలింది. అందులో ఆఖరిది తుమ్మకంప. వార్డు మొత్తం మీద ఇంత పచ్చదనం ఇంకెక్కడా లేదని వాళ్లలో పెద్దాయన నాకు చెయ్యి కలిపాడు.

తెల్లారి మార్తమ్మ కొడవలి, గోనెసంచులు తీసుకుని వచ్చి బిళ్లలు చూసింది. గణనవాళ్లు ఇచ్చి వెళ్లిన కాగితంలోని నియమం నేను చదివి వినిపించాను. గణనలో చేరిన మొక్కను అనుమతి లేకుండా తొలగించరాదు.

"బిళ్లలు ఊడదీసి గోడమీద పెట్టుకోండి సార్. మొక్కలు మేం లాగేస్తాం," అంది మార్తమ్మ. "ఎవురు చూడొచ్చారు? అడిగితేగదా వాళ్లకి తెలిసేది."

బంగారంలాంటి సలహా. ఊళ్లో ఇంకెవరైనా అయితే అదే చేసేవాళ్లు, చేశారు కూడా. నేను మాత్రం ఆమెను రెండు రోజులు ఆగమని చెప్పి, లోపలికి వెళ్లి తెల్లకాగితం తీసి, నాలుగు వైపులా అంచు మడిచి, అయ్యా అని మొదలుపెట్టాను. నేను చేసిన అసలు తప్పు అదే.

హరిత విభాగం పర్యవేక్షకులు భుజంగరావుగారు నా దరఖాస్తును రెండుసార్లు చదివి భాష చాలా బాగుందన్నారు. ఆయన గదిలో కిటికీ పక్కన కుండీలో ఒక ప్లాస్టిక్ మొక్క ఉంది. దానికీ బిళ్ల ఉంది. నా భార్య ఊపిరి సంగతి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. అయితే నిబంధనావళిలో మొక్కకు, మనిషికి మధ్య తగాదా వచ్చిన సందర్భం ఊహించబడలేదని, కాబట్టి తమ విజ్ఞప్తి పై పరిశీలనకు సమర్పించబడుతుందని చెప్పారు. అంతవరకు మొక్కలకు ఏ లోటూ రాకుండా చూసుకోవలసిన బాధ్యత తమదే అన్నారు. తమరంటే నేను.

సంక్రాంతి వెళ్లాక జవాబు వచ్చింది. తొలగింపునకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదు. అయితే తొలగించే ప్రతి మొక్కకు ప్రత్యామ్నాయంగా అదే జాతి మొక్కలు మూడు, అదే ప్రాంగణంలో ముందుగా నాటి, అవి అడుగు దాటిన పిమ్మట అధికారికి చూపవలెను. నేను కాగితం మీద హెచ్చవేసి చూసుకున్నాను. తుమ్మకంపతో కలిపి ఆరువందల పదకొండు పీకడానికి పద్దెనిమిదివందల ముప్పైమూడు నాటాలి, దాదాపు అన్నీ వయ్యారిభామలే. అవి అడుగు దాటగానే గణనలో చేరతాయి. వాటిని పీకాలంటే మళ్లీ మూడేసి. మూడో మెట్టుకు మా పెరడు చాలదు, వీధి చాలదు, తాలూకా కూడా చాలేటట్టు లేదు.

ఇదే మాట భుజంగరావుగారికి మనవి చేసుకున్నాను. ఆయన దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నారు. ఈ పథకంలోని అందమే అదండీ, ఎక్కడా ఆగదు అన్నారు. వయ్యారిభామ నారు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆ జాతి ఏ నర్సరీలోనూ లేదని విభాగం దృష్టికి వచ్చిందనీ, విత్తనం సరఫరా కోసం టెండర్లు పిలుస్తున్నామనీ ధైర్యం చెప్పారు.

అప్పటికి నాంచారు వెళ్లి మూడు నెలలు. వారానికోసారి ఫోన్ చేసేది. పెరడు ఏమైందని అడిగేది. పరిశీలనలో ఉందనేవాణ్ణి.

"ఇక్కడ దగ్గు తగ్గిందండీ. చేతులు కూడా బాగైనయ్," అంది ఒకసారి. "కానీ చెల్లెలింట్లో ఎన్నాళ్లని ఉంటా? గిన్నె ముట్టుకుంటే అది ఒద్దంటది. నా ఇంటికి నేను రావాలంటే మున్సిపాలిటీని అడగాల్నా?"

ఎలాగూ ఎండాకాలం వస్తోంది, నీళ్లు లేక వాటంతట అవే ఎండిపోతాయిలే అని ఓదార్చాను. ఈ ఆలోచన నాకొక్కడికే వచ్చిందనుకోవడం నా అమాయకత్వం. మాఘం దాటగానే రెండు రోజులకొకసారి హరిత విభాగం ట్యాంకరు మా సందులోకి రావడం మొదలుపెట్టింది. మా వీధి కుళాయికి వారానికి రెండుసార్లు నీళ్లు. నేను బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గరికి వెళితే, ఇవి గణనలో ఉన్నవాటికేనండీ అన్నాడు డ్రైవరు. వయ్యారిభామలు మరో జానెడు పెరిగాయి.

మార్చిలో మునిసిపాలిటీ తను ఊరంతా నాటిన మొక్కల్లో ఎన్ని బతికి ఉన్నాయో చూసుకుంది. డివైడర్ల మీద నాటినవి ఎండిపోయాయి. పార్కులో నాటినవి మేకలు తిన్నాయి. స్కూలు ఆవరణలో ఇనప కంచెలు మాత్రం ఏపుగా ఉన్నాయి. నాటినవన్నీ ఇంత పద్ధతిగా చచ్చిపోయిన ఊళ్లో, ఒకే ఒక్క ప్రాంగణంలో ఆరువందల పదకొండుకు ఆరువందల పదకొండూ కళకళలాడుతున్నాయని కమిషనర్‌గారి బల్ల మీదికి నివేదిక వెళ్లింది. ఆయన స్వయంగా వచ్చి, మా పెరటి గుమ్మంలో నిలబడి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగుసార్లు తుమ్మి, ఊరికి ఇలాంటి పౌరులు కావాలన్నారు. మా పెరడు ఆదర్శ హరిత ప్రాంగణం అయిపోయింది.

ప్రారంభోత్సవం ఏప్రిల్‌లో పెట్టారు. వేదికకు చోటు కావాలి. ఈశాన్యం మూల బాగుందని ఇంజనీరు తేల్చి, జేసీబీ తెప్పించి తుమ్మకంపను వేళ్లతో సహా పెకలించి పారేశాడు. ఆరువందల పదకొండో నంబరు బిళ్ల ట్రాక్టరులో పడి వెళ్లిపోతుంటే నేను భుజంగరావుగారిని పక్కకు పిలిచి, మరి దీనికి అనుమతి అని అడిగాను.

"అది తొలగింపు కాదండీ," అన్నారాయన శాంతంగా. "కార్యక్రమ నిర్వహణ."

మర్నాడు అదే అంకెతో కొత్త బిళ్ల ఒకటి తెచ్చి, ఒక వయ్యారిభామకు రెండో బిళ్లగా కట్టి లెక్క సరిచేశారు. వేదిక వెనక ఇనప పైపులు పాతి ఒక ఫ్లెక్సీ ఎత్తారు. పొడవు అరవై అడుగులు, ఎత్తు నలభై. అంత గుడ్డ సినిమాహాలు ముందు కూడా నేను చూడలేదు. పైన పెద్దవాళ్ల ముఖాలు, కింద చిన్నవాళ్ల ముఖాలు, మొత్తం ముప్పైరెండు. అట్టడుగున, పచ్చదనమే ప్రాణవాయువు అని ఆకుపచ్చ అక్షరాలు. ఒక మూల తపాలా బిళ్లంత నా ఫోటో. సభలో వక్తలందరూ నేను ఈ మొక్కలను కన్నబిడ్డల్లా సాకానన్నారు. నాకు శాలువా కప్పారు. నా భార్య ఏదని ఎవరో అడిగితే, ఈ మొక్కల కోసమే ఇల్లు విడిచి త్యాగం చేసిందని భుజంగరావుగారు మైకులో చెప్పారు. చప్పట్లు మోగాయి. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

సభ అయిన నాలుగో రోజు ఈదురుగాలి లేచింది. పైపులు ఒరిగి, ఫ్లెక్సీ గాల్లోనే తిరగబడి మొత్తంగా పెరటి మీద వెల్లకిలా పడింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలంతా కప్పేసింది. ముప్పైరెండు ముఖాలూ ఎండకేసి నవ్వుతూ పడుకున్నాయి. నేను పైపులు తీసి పక్కన పడేసి, ఫ్లెక్సీ అంచు పట్టుకుని ఎత్తబోయాను. గోడ అవతలి నుంచి ఎవరో చూసి, జాగ్రత్తండోయ్, వాళ్ల ముఖాల మీద కాలు పెడితే కేసవుతుంది అన్నారు. నేను చెయ్యి వదిలేశాను.

మళ్లీ దరఖాస్తు. ఫ్లెక్సీ కట్టింది ప్రచార విభాగం. పడింది గాలికి గనక విపత్తుల విభాగం. పడినచోట ఉన్నవి మొక్కలు గనక హరిత విభాగం. మూడు విభాగాలూ ఒకేసారి హాజరై సంయుక్తంగా ఎత్తాలట. ఒకరు ఉన్నరోజు ఇంకొకరు సెలవు. ఈలోగా మే నెల వచ్చింది. పొయ్యి మీద పెనం ఎలా ఉంటుందో ఆ ఫ్లెక్సీ మధ్యాహ్నం పూట అలా ఉండేది. అంచు దగ్గర నిలబడితే ఆవిరి ముఖానికి కొట్టేది.

మార్తమ్మ ఒకరోజు వచ్చి గోడ మీంచి చూసింది. తర్వాత నవ్వింది.

"తియ్యొద్దు సార్. ఇట్నే ఉండనీండి. కింద మొక్కా చచ్చిద్ది, ఇత్తనం కూడా మాడిద్ది," అంది. "మా వల్ల కూడా కాదు ఈ పని."

నేను ఆ రాత్రి మొదటిసారి హాయిగా నిద్రపోయాను. మర్నాటి నుంచి సంయుక్త విభాగాలను తొందరపెట్టడం మానేశాను. ఫ్లెక్సీ పడి నలభై ఏడు రోజులైంది. జూన్ మొదటి వారంలో ముప్పైరెండు ముఖాల్లో ఒకాయనకు బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చినాయన పాత ముఖం ఊళ్లో ఎక్కడా కనపడకూడదన్నాడట. ఇన్నాళ్లూ మూడు విభాగాలకు కుదరని పని ఒక్క గంటలో అయిపోయింది. నలుగురు మనుషులొచ్చి ఫ్లెక్సీ చుట్టి, భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

కింద గడ్డిపరక కూడా లేదు. నల్లటి నేల, దాని మీద ఎండిన పుల్లలు, పుల్లల మధ్య మెరుస్తూ రేకుబిళ్లలు. నేను వంగి చూశాను, గోకి చూశాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడి నుంచే చీరాలకు ఫోన్ చేశాను. నాంచారు మాట ఇచ్చినట్టే మరుసటి బస్సుకు దిగింది. సంచీ గుమ్మంలో పెట్టి తిన్నగా పెరట్లోకి వెళ్లి, మధ్యలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చింది. దగ్గు రాలేదు. నేను చేసిందేమీ లేదని చెప్పాను. అది తనకు తెలుసునంది.

తొలకరి పడగానే నేలంతా తవ్వించి గోంగూర చల్లింది. ఎర్రకాడ విత్తనం. శ్రావణానికి మోకాలెత్తు లేచింది. అప్పుడు వచ్చారు భుజంగరావుగారు, ఏడాది పూర్తయ్యే ముందు చేసే పరిశీలనకు.

ఆయన గుమ్మంలో నిలబడి రిజిస్టరు తెరిచారు. పెరట్లోకి చూశారు. మళ్లీ రిజిస్టరులోకి చూశారు. ఆరువందల పదకొండు ఎక్కడ అన్నారు. నేను ఫ్లెక్సీ సంగతి చెప్పాను. ఫ్లెక్సీ వల్ల మొక్కలు చచ్చాయంటే పెద్దల ముఖాల వల్ల పచ్చదనం పోయిందని రాసినట్టవుతుందని, అలా రాసి ఉద్యోగం పోగొట్టుకోవడానికి తనకు ఇద్దరు పిల్లలున్నారని అన్నారు. కాబట్టి మొక్కలు బతికే ఉండాలి, లేకుంటే ఇంటి యజమాని నిర్మూలించినట్టు రాయాలి. అలా రాస్తే నామీద కేసు, ఊరికి పతకం ఉండదు.

"మరి ఈ పచ్చగా ఉన్నవి మొక్కలు కావా అండీ?" అంది నాంచారు.

"ఇవి రిజిస్టరులో లేవమ్మా. రిజిస్టరులో లేనిదాన్ని విభాగం కలుపుగా పరిగణిస్తుంది." ఆయన గోంగూర వంక జాలిగా చూశారు. "ఏడు రోజుల్లో ఈ కలుపు తీయించి, గణనలో ఉన్నవాటిని యథాస్థితిలో చూపించాలి."

నోటీసు నా చేతికిచ్చి వెళ్లారు. నేను లోపలికి వెళ్లి తెల్లకాగితం తీశాను. అంచు మడుస్తుండగా నాంచారు వచ్చి కాగితం లాక్కుంది. మడిచి పొయ్యి కింద పెట్టింది.

"ఇంక మీరేదీ అడగబాకండి," అంది. "ఇన్నాళ్లు నేను ఇంటికి రాలేకపోయింది ఈ మొక్కల వల్ల కాదు. మీ దరఖాస్తుల వల్ల."

నేను కలం మూత పెట్టాను. నిజం విన్నప్పుడు ఊరుకోవడమే మర్యాద. ఆమె మార్తమ్మను పిలిపించింది. నేల తవ్వినప్పుడు ఏరి పాత నెయ్యిడబ్బాలో పోసిన బిళ్లలు పెరట్లోకి తెచ్చింది. ఇద్దరూ పీటలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చుని, ఒక్కొక్క గోంగూర మొక్కకూ ఒక్కొక్క బిళ్ల కట్టారు. తీగలు తుప్పు పట్టినచోట పసుపుతాడు వాడారు. కట్టడం అయ్యేసరికి డబ్బాలో ఒక్క బిళ్ల కూడా మిగల్లేదు. ఒకటి మొదలు ఆరువందల పదకొండు దాకా అన్నీ హాజరు.

ఏడో రోజు భుజంగరావుగారు వచ్చి బిళ్లలు చూసి, చేత్తో పట్టుకుని ఒకటి రెండు అంకెలు చదివి, కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు. తర్వాత లేచి మొత్తం లెక్కపెట్టారు. జాతి అన్నచోట పాత పేరే ఉంచి, ఎత్తు మోకాలు, ఆరోగ్యం బహుబాగు, మనుగడ నూటికి నూరు అని రాసుకున్నారు. ఆకుల రంగు, ఆకారం కిందటేటికి కొంత మారినట్టుందని మాత్రం ఆయనకు అనుమానం వచ్చింది. సంరక్షణ బాగుంటే అంతేనండీ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

"ఆకు తుంచుకోవచ్చా అండీ?" అని నాంచారు అడిగింది.

భుజంగరావుగారు నిబంధనావళి తిరగేశారు. మొక్క తొలగించరాదని ఉంది, ఆకు గురించి ఏమీ లేదు. తుంచుకోవచ్చన్నారు. నాంచారు అప్పటికప్పుడు రెండు పెద్ద కట్టలు తుంచి, అరటినారతో కట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొహమాటపడుతూనే స్కూటరు ముందు పెట్టుకుని వెళ్లారు.

మా ఊరికి పతకం వచ్చింది. ఆ వారమే మునిసిపాలిటీ బంట్రోతు ఒక చీటీ తెచ్చాడు. ఆఫీసు ముద్ర, కింద భుజంగరావుగారి సంతకం. విభాగం సిబ్బంది అవసరార్థం ఆదర్శ ప్రాంగణం నుంచి వయ్యారిభామ ఆరు కట్టలు పంపవలెను. పుల్లగా ఉన్నది అయితే శ్రేష్ఠము. కమిషనర్‌గారు రొయ్యలతో వండించుకొనెదరు.

నేను దాన్ని పైకి చదివాను. నాంచారు గోంగూర మొక్కల మధ్య చతికిలబడి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, ఆపుకోలేక మళ్లీ మళ్లీ నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా దగ్గు లేదు.